గుట్టమీది గ్రంథాలయము - ఊళ్ళోని బడిపంతులు

పల్లెటూరి హైస్కూలులో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడొకడు రేపటి పాఠము కొఱకు పాత గ్రంథమొకటి వెదకుచున్నాడనుకొందము. అది ఏ పుస్తకాల దుకాణములోను దొరకదు. డెబ్బది ఎనుబది యేండ్ల క్రిందట ఒక్కమాఱు అచ్చై, మరల అచ్చు మొగము చూడని పుస్తకము. మిత్రుడెవడో దానిని సెల్‌ఫోనులోనికి పంపగా తెరచి చూచును. మొదటి పుటలో గ్రంథము పేరు లేదు. రచయిత పేరును లేదు. నల్లని పెద్ద అక్షరములతో ఇంగ్లీషున 'టైట్ బైండింగ్ బుక్' అని మాత్రమున్నది. తరువాతి పుటలో 'యూనివర్సల్ లైబ్రరీ' అనియు, 'ఓ.యూ.' అను రెండక్షరముల ప్రక్క పొడవైన అంకె యొకటియు కనబడును. ఆ పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారి చీటీ. అందు పుస్తకమునకు వారు వేసిన వర్గసంఖ్య, చేర్పుసంఖ్య, రచయిత, గ్రంథనామము. క్రింద, గడువు తేదీలోపల పుస్తకమును తిరిగి యిచ్చివేయవలయునను హెచ్చరిక. ఈ హెచ్చరికను చదివి మా మిత్రుడొకడు నవ్వినాడు. తిరిగి యిచ్చుటకు చేతిలో పుస్తకమేది?

నవ్వు మాట కేమి గాని, ఆ చీటీ ఒక పెద్ద మార్పునకు సాక్షి. ఒకప్పుడు అట్టి చీటీ కంటబడవలెనన్నచో హైదరాబాదు వెళ్ళి, ఆ విశ్వవిద్యాలయమున విద్యార్థియో అధ్యాపకుడో కావలసియుండెను. నేడు ఆదిలాబాదులోని పంతులుగారును, శ్రీకాకుళములోని విద్యార్థియు, సముద్రము దాటి వెళ్ళిన తెలుగు బిడ్డయు అదే పుటను అదే క్షణమున తెరువగలుగుచున్నారు. ఇంత మేలు జరిగినను, ఆ మేలు సగములోనే ఆగిపోయినదని మా అభిప్రాయము. పుస్తకము యంత్రములోనికి ఎక్కినది గాని, దాని పేరు సరిగా ఎక్కలేదు. తలుపు తెరచినారు గాని, ఏ గది ఎక్కడనో చెప్పు మనిషిని నిలుపలేదు. ఈ మిగిలిన సగము పనిని గుఱించియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ముందుగా ఆ గ్రంథాలయమును గుఱించి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా వెలువరింపగా, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. గ్రంథాలయమును విశ్వవిద్యాలయముతో పాటే పుట్టినది. ఉన్నతవిద్య నంతటిని ఇంగ్లీషున గాక ఒక దేశభాషలో నేర్పవలయునను సంకల్పము ఆనాటికి మన దేశమున సాహసమే. ఆ భాష ఉర్దూ. గణితము, రసాయనశాస్త్రము, న్యాయశాస్త్రము, వైద్యము మున్నగువానిని ఉర్దూలోనికి తెచ్చుటకు దారుల్ తర్జుమా అను అనువాద సంస్థను నెలకొల్పినారు. పాఠము చెప్పుటకు ముందు పుస్తకము కావలెను గదా! దేశభాషలో చదువు చెప్పుట సాధ్యముకాదని నేటికిని వాదించువారు ఆ ప్రయత్నమును ఒక్కసారి తలచుకొనుట మంచిది. అయితే అందులో ఒక విచారమును లేకపోలేదు. రాజ్యమున అధికసంఖ్యాకుల యింటి భాషలు తెలుగు, మరాఠీ, కన్నడములు. వారి పిల్లలకు ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. తెలుగు ఒక పాఠ్యవిషయముగా అచట నిలిచినది. రాయప్రోలు సుబ్బారావుగారివంటి వారు అచట తెలుగు చెప్పినారు. అంతకుమించి తెలుగునకు ఆనాడు అందు చోటు లేకుండెను.

ఆ లోటును ప్రజలు తమంతట తామే పూడ్చుకొనిరి. విశ్వవిద్యాలయము పుట్టుటకు పదునేడేండ్లు ముందే, 1901లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. అటు కోస్తాలో 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయము, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము. అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయమును ఒక ఉద్యమముగా మార్చినారు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువలమీద పడవలో పుస్తకములు పెట్టి, ఒడ్డున నున్న ఊళ్ళకు అందించినారు. చదువరి రాలేనిచో పుస్తకమే వెళ్ళవలయునను సంగతి మన పెద్దలకు ఎవరును చెప్పనక్కరలేకపోయినది. వారు చెప్పించుకొనవలసినది డబ్బు ఎక్కడ నుండి వచ్చునన్న మాట ఒక్కటియే.

ఉస్మానియా గ్రంథాలయమున కిప్పుడున్న భవనము 1963 నాటిది. విశ్వవిద్యాలయ ఆవరణలో గుట్టమీద, ఉద్యానవనమునకు ఎదురుగా కట్టినారు. అయిదు లక్షలకు పైగా గ్రంథములు, ఆఱువేలకు పైగా వ్రాతప్రతులు అందు గలవు. వ్రాతప్రతులలో అరబ్బీ, పారసీ, ఉర్దూ, సంస్కృతము, తెలుగు మొదలగు భాషలవి ఉన్నవి, తాళపత్రములును ఉన్నవి. ఇన్ని భాషలు ఒక్క కప్పు క్రింద చేరుట దక్కను చరిత్ర ఫలితము. గోలకొండ దర్బారులో పారసీ, ఇంటిలో తెలుగు, బజారులో దక్కనీ వినబడిన నేల యిది. ఈ నేల చరిత్రను వ్రాయదలచినవాడు ఒక్క భాషతో సరిపుచ్చుకొనలేడు. అట్టివానికి ఈ గుట్ట ఎక్కక తప్పదు.

ఇక, ఈ గుట్టమీది పుస్తకములు పంతులుగారి సెల్‌ఫోనులోనికి దిగివచ్చిన వైనము. ఈ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రాజ్ రెడ్డిగారు పదిలక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కించి, ప్రపంచమునకంతకును ఉచితముగా అందింపవలయునను పథకమును ముందుకు తెచ్చినారు. వీరు చిత్తూరు సీమలోని కాటూరున పుట్టిన తెలుగువారు. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమని పేరుపొందిన ట్యూరింగ్ పురస్కారమును 1994లో అందుకొన్నవారు. మన దేశమున బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. మున్నగునవి ఇందు పాలుపంచుకొన్నవి. దీనికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. ఉస్మానియా గ్రంథాలయ పుస్తకములు వేలకొలదిగా స్కానింగు యంత్రముల క్రిందికి పోయినవి.

ఆ యంత్రములయొద్ద పనిచేసిన యువకులను తలచుకొనినచో మాకు ఒక విధమైన గౌరవము కలుగుచున్నది. మొదటి పుటలోని ఆ పెద్ద అక్షరములు వారు వేసినవే. 'టైట్ బైండింగ్ బుక్' అనగా దారపు కుట్టు బిగిసి, పుస్తకము పూర్తిగా విచ్చుకొనదనియు, లోపలి అంచునందలి అక్షరములు యంత్రమున కందవనియు భావము. 'టెక్స్ట్ కట్ వితిన్ ది బుక్ ఓన్లీ' అనగా అక్షరములు తెగిపోవుట అసలు పుస్తకములోనే యున్నది, మా వలన కాదని విన్నపము. 'డ్రెంచ్డ్ బుక్' అనగా ఇది ఎప్పుడో తడిసిన పుస్తకమని. ఏ వానకాలమున ఏ కప్పు కారినదో, ఎవరి యింటి అరుగుమీద మరచిపోబడినదో! ఆ వ్యాకరణము ఎట్లున్నను అందలి నిజాయితీ మెచ్చదగినది. వైద్యుడు రోగి వ్యాధిని వ్రాసినట్లు, పుస్తకము శరీరమునకు గల జబ్బును వారు మొదటి పుటయందే వ్రాసిపెట్టినారు. వచ్చిన చిక్కంతయు రోగి పేరు వ్రాయుటలో వచ్చినది.

తెలుగు పుస్తకముల పేర్లను రోమను అక్షరములతో యంత్రమునకు ఎక్కించినారు. ఎక్కించినవారిలో తెలుగు చదువరాని వారును ఉండియుండవచ్చును. రోమను లిపిలో తెలుగు వ్రాయుటకు అందఱు నొప్పుకొన్న పద్ధతి లేదు. ఉన్నదానిని పాటించుటకు తీరిక లేదు. 'చరిత్రము' అను ఒక్క మాటనే చూడుడు. చకారమునకు ఒకరు ఒక్క అక్షరము వ్రాయుదురు, మఱొకరు రెండక్షరములు వ్రాయుదురు. త్రకారమున ఒకరు హకారమును చేర్చుదురు, మఱొకరు మానుదురు. తుది ము వర్ణకమును ఒకరుంచుదురు, ఇంకొకరు తీసివేయుదురు. ఈ మూడు భేదములు కలిసి ఒక్క మాటకు ఎనిమిది రూపములగుచున్నవి. దీర్ఘమునకు గుర్తు పెట్టుట, పెట్టకుండుట, పదములను విడదీయుట, కలుపుట అను భేదములను చేర్చినచో లెక్క తప్పిపోవును. పైపెచ్చు రచయిత పేరుండవలసిన చోట ప్రకాశకుని పేరు, పేరుండవలసిన చోట 'రెండవ సంపుటము' అను మాట! లోపలి ముఖపత్రముపై గ్రంథనామము తెలుగున చక్కగా అచ్చైయున్నది. దానిని చూచి వ్రాసికొనువాడు లేకపోయినాడు.

యంత్రమే లోపలి అక్షరములను చదివి పేరు పట్టుకొనజాలదా యని మా విద్యార్థి పాఠకులు ప్రశ్నింతురు. ఇంగ్లీషు పుస్తకములలో అది చాలవరకు జరుగుచున్నది. తెలుగునను నానాటికి మెఱుగగుచున్నది. కాని పాత లెటర్‌ప్రెస్సు అచ్చులో ఒత్తులు ఒకదానిపై ఒకటి ఎక్కును, అరసున్నలు వెలిసిపోవును, శకటరేఫము మఱొక అక్షరమువలె కనబడును. కాగితము పండుబారినపుడు చుక్కయేదో సున్నయేదో మనకే తెలియదు. పిల్లవాడు తప్పు చదివినపుడు సరిదిద్దుటకు పంతులుగారు ప్రక్కన నున్నట్లే, యంత్రము చదివినదానిని దిద్దుటకును తెలుగు వచ్చిన మనిషి యొకడు ఉండవలయును.

ఇక్కడ షియాళి రామామృత రంగనాథన్‌గారి కథ చెప్పక తప్పదు. ఆయన గణితము బోధించు ఉపాధ్యాయుడు. 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు తొలి గ్రంథపాలకుడుగా వెళ్ళి, ఆ పని తోచక, కొలది దినములకే తన్ను మరల కాలేజీకి పంపివేయుడని మొఱపెట్టుకొన్నాడు. లండను వెళ్ళి గ్రంథాలయశాస్త్రము నేర్చుకొని రమ్మనియు, అప్పటికిని రుచింపనిచో తిరిగి రావచ్చుననియు పెద్దలు చెప్పిరి. వెళ్ళినాడు, అచట నూరు గ్రంథాలయములకు పైగా చూచినాడు. ఒక పెద్ద దుకాణములో పిల్లలాడుకొను మెకానో బొమ్మల ముక్కలను చూచి, అవే ముక్కలతో ఎన్నో ఆకృతులను కూర్చవచ్చునన్నట్లు, కొన్ని మూలభావములతో ఏ పుస్తక విషయమునైనను సూచింపవచ్చునని ఊహించినాడు. అదియే 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణము. తిరిగి వచ్చిన పిమ్మట మరల లెక్కల పాఠము మాట ఎత్తలేదు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రములు గ్రంథాలయ విద్యార్థులందఱు వల్లించునవే. వానిలో నాలుగవది చదువరి కాలమును ఆదా చేయవలయునని చెప్పుచున్నది. ఈ ఒక్క సూత్రముతో కొలిచి చూచినచో, ఎనిమిది విధములుగా వెదకినగాని దొరకని పుస్తకము, కంప్యూటరులో నున్నను, బీరువాలో తాళము వేసిన పుస్తకముతో సమానము. బీరువా అయినచో తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలియును.

జాబితా అనగా గుమాస్తా పని యని తేలికచేయువారు గలరు. ఈ మాట మేము ఒప్పుకొనము. తెలంగాణమున కవులు లేరన్న మాట యొకటి ఒకప్పుడు అచ్చులో వచ్చినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి ఆవేశముతో జవాబు వ్రాసి ఊరకుండలేదు. 1926లో తాము స్థాపించిన 'గోలకొండ పత్రిక' మూలమున ఊరూరి కవుల వివరములను, పద్యములను రప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించినారు. లేరన్నదానికి పేర్లే సమాధానము. జాబితాకెక్కనివాడు లోకము దృష్టిలో లేనివాడే యగుచున్నాడని ఆయన గ్రహించినట్లు మఱెవరును గ్రహింపలేదు. పుస్తకమునకును అంతే. ఉస్మానియా గుట్టమీద నుండి యంత్రములోని కెక్కిన పుస్తకములలో తెలుగు పేరు లేనివాని కన్నిటికిని నేడు ఇదియే గతి.

అసలు ఆ స్కానులైనను మనకు మిగులుట అదృష్టమనవలెను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారము 2017 ప్రాంతమున మూతపడినది. కాపీరైటు చిక్కులు కారణమని చెప్పినారు. అందలి పుస్తకములలో లక్షలకొలది ప్రతులను స్వచ్ఛంద సేవకులు అంతకుముందే అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవు అను లాభాపేక్ష లేని సంస్థకు చేర్చియుండుటచేత అవి నేటికిని అందుచున్నవి. మన ధనముతో, మన పిల్లల శ్రమతో, మన గ్రంథాలయముల పుస్తకములకు తీసిన ప్రతులను మనమే భద్రపఱచుకొనలేక, పరదేశపు ధర్మసత్రములో తలదాచుకొన్నట్లయినది. ఆ సత్రమువారికి కృతజ్ఞత చెప్పవలసినదే. కాని ఇల్లు గలవానికి సత్రములో ఎంతకాలము?

కాపీరైటు మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన దేశమున 1957 నాటి చట్టము ప్రకారము, రచయిత జీవితకాలమున ప్రకటితమైన గ్రంథమునకు ఆయన మరణించిన పిమ్మటి సంవత్సరారంభమునుండి అఱువదియేండ్లు హక్కు నిలుచును. ప్రతాపరెడ్డిగారు 1953లో గతించినారు. కావున 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారము తెచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 2014 జనవరి 1 నుండి అందఱి సొత్తు. గురజాడ, గిడుగు, కొమఱ్ఱాజువారల గ్రంథములు అంతకు ఎంతో ముందే మనవైనవి. ప్రతి జనవరి మొదటి తేదీన ఇంకను కొందఱి గ్రంథములు ఇట్లు విడుదలగుచుండును. ఆ దినమున విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు, ఈ సంవత్సరము స్వేచ్ఛ పొందిన తెలుగు గ్రంథములివి, మా యొద్ద నున్న ప్రతులివి అని పట్టిక ప్రకటించినచో ఎంత బాగుండును! బడిలో సంక్రాంతి సెలవులకు ముందు గోడకు అంటింపదగిన పట్టిక అది.

క్రొత్త సదుపాయములు రాలేదని మేమనుట లేదు. పరిశోధకులు తమ సిద్ధాంత వ్యాసములను కంప్యూటరు ప్రతిగా ఇయ్యవలయునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నియమము చేసినది. ఆ వ్యాసములు 'శోధగంగ' అను భాండారమున చేరుచున్నవి, ఎవరైనను చదువవచ్చును. 'నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా'ను ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. నడుపుచున్నది, 2018 జూనులో దానిని దేశమునకు అంకితము చేసినారు. అందు బడిపిల్లలును ఉచితముగా పేరు నమోదు చేసికొనవచ్చును. ఉపాధ్యాయ మిత్రులలో పెక్కుమందికి ఈ రెండింటి సంగతి తెలియకపోవుట మాకు ఆశ్చర్యము కలిగించినది. పుస్తకము కొని యిచ్చిన ప్రభుత్వము పుస్తకమున్నదని చెప్పుటకు మాత్రము ఖర్చుపెట్టదు.

అన్నిటికంటె పెద్ద క్రొత్తదనము 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అను పథకము. 2024 నవంబరు 25వ తేదీన కేంద్ర మంత్రివర్గము దీనిని ఆమోదించినది. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000 పరిశోధన పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నతవిద్యా, పరిశోధన సంస్థలు. సుమారు 1 కోటి 80 లక్షలమంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. 2025 జనవరి నుండి అమలునకు వచ్చినది. ధనము లేక ఒక్క విదేశ పత్రికను కూడ తెప్పించుకొనలేని కాలేజీకి ఒక్కమాఱుగా వేలకొలది పత్రికలు అందుట సామాన్య విషయము గాదు. ఇందులో మేము మెచ్చునది మెచ్చుచునే, రెండు సంగతులను చెప్పవలసియున్నది.

మొదటిది: ఈ పత్రికలు కొనినవి గావు, అద్దెకు తెచ్చినవి. అద్దె చెల్లినంతకాలము ఇంటిలో నుందుము. ఇరువది యేండ్ల క్రిందట గ్రంథాలయము కొనిన సంపుటము ధూళిపట్టియైనను అరలో నుండును. గడువు తీరిన చందా పత్రికకు అట్టి భరోసా లేదు. రెండవది: ఇది ఉన్నతవిద్యా సంస్థలకు మాత్రమే పరిమితము. ఆ కాలేజీలకు విద్యార్థులను తయారుచేసి పంపు బడిపంతులు దీని గడప బయటనే యున్నాడు. లోపలికి పోయినను ఆయనకు కావలసినవి అచట దొరకవు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన 'భారతి'లోని వ్యాసమొకటి తెలుగు ఉపాధ్యాయునకు ఎంత అవసరమో, పదమూడు వేల పత్రికల పట్టిక కూర్చినవారికి తెలియు మార్గము లేదు. అది తెలిసికొనవలసినవారు తెలుగునేలపై నున్న విశ్వవిద్యాలయములవారు. ఢిల్లీనుండి వచ్చినదానిని అందుకొనుటతో తమ పని తీరినదని వారనుకొనరాదు.

గ్రంథాలయ పఠనమందిరమును గుఱించియు ఒక మాట. ఉస్మానియా గ్రంథాలయమున కుర్చీ దొరకుట కష్టమని ఎఱిగినవారెఱుగుదురు. కూర్చున్నవారిలో పెక్కుమంది పోటీపరీక్షలకు చదువుకొను యువకులు, యువతులు. తమ పుస్తకములు తామే తెచ్చుకొని, ఉదయమునుండి రాత్రివఱకు తలయెత్తక చదువుదురు. వారికి గ్రంథాలయమునుండి కావలసినది కుర్చీ, దీపము, పంకా, చుట్టును చదువుకొనువారి సాంగత్యము. ఇది చూచి కొందఱు పెద్దలు, గ్రంథాలయము పరీక్షల సత్రమైనదని విసుగుకొనుచున్నారు. మేము విసుగుకొనలేము. ఇరుకుగదిలో నలుగురు కలిసియుండు పేదపిల్లవానికి ఆ కుర్చీ లభించుట చిన్న సేవ గాదు. అయితే వారి తలలకు ఇరువదడుగుల దూరముననే అయిదు లక్షల గ్రంథములున్నవి. ఉద్యోగము వచ్చి వెళ్ళిపోవు లోపల వానిలో ఒక్కటియైనను వారి చేతికి వచ్చునట్లు చేయుట గ్రంథపాలకుని నేర్పు. దానికి గ్రంథపాలకుడుండవలయును. విశ్వవిద్యాలయములలో ఖాళీ యగు ఉద్యోగములలో గ్రంథాలయ ఉద్యోగములే కడపట నింపబడుట మనకు అలవాటైపోయినది.

వ్రాతప్రతుల సంగతి వేఱు. తాళపత్రముపై అక్షరము సిరాతో వ్రాసినది గాదు, గంటముతో గీచినది. గీత వెలిసి కనబడనపుడు నిమ్మగడ్డి నూనెలో దీపపు మసి కలిపి పూసి తుడిచినచో, మసి గీతలలో నిలిచి అక్షరము లేచి వచ్చును. నూనె ఆకునకు మెత్తదనమిచ్చును, పురుగును దూరముగా నుంచును. ఇది తెలిసిన చేతులు తగ్గిపోవుచున్నవి. 2003లో జాతీయ వ్రాతప్రతుల సంస్థ ఏర్పడినది. 2025 బడ్జెటులో కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేక్షణమునకు, రక్షణమునకు 'జ్ఞానభారతము' అను పథకమును ప్రకటించినారు. ఛాయాచిత్రము తీసినంతమాత్రమున అసలు ఆకుతో పనిలేదని ఎవరును భావింపరాదు. 'టైట్ బైండింగ్' పుస్తకమున లోపలి అంచునందలి అక్షరములు యంత్రమునకు అందనట్లే, ఆకుపై కంటికి మాత్రమే కనబడు సంగతులు కొన్ని యుండును. ప్రతి తీసిన పిమ్మట అసలును అటకెక్కించు గ్రంథాలయము తాను చేసిన పనిని తానే సగము చెఱుపుకొన్నట్లు.

మేము కోరునది ఇంతకంటె పెద్ద ఖర్చుతో కూడినది గాదు. ఉస్మానియా గుర్తుతో యంత్రమున కెక్కిన తెలుగు పుస్తకములకు అన్నిటికిని ముఖపత్రము చూచి, తెలుగు లిపిలో, గ్రంథనామము, రచయిత, ముద్రణ సంవత్సరము, ముద్రించిన ఊరు వ్రాసిన పట్టిక కావలెను. పని సాధ్యమా యన్న సందేహము అక్కరలేదు. తెలుగు వికీపీడియాలో పనిచేయు స్వచ్ఛంద సేవకులు వేలకొలది పుస్తకములకు ఇట్టి పట్టికను కొంతవఱకు కూర్చియున్నారు. వికీసోర్సులో కొన్ని గ్రంథములను పుటపుటగా దిద్దుచున్నారు. జీతము లేక, కుర్చీ లేక, అధికారము లేక వారు చేసినదానిని విశ్వవిద్యాలయము తన ముద్రతో పూర్తి చేయజాలదా? దానికి తోడు, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయునకు గుర్తింపుపత్రము చూపినంతనే చదువరి కార్డు ఇచ్చు ఏర్పాటు ఒకటి చేసినచో, సెలవులలో హైదరాబాదు వచ్చిన పంతులుగారు ఎవరి సిఫారసును లేకయే ఆ గుట్ట ఎక్కగలుగుదురు. విద్యార్థులు మాత్రము అంతవఱకు ఒక ఉపాయము పాటింతురుగాక: గ్రంథనామముతో దొరకనిచో రచయిత యింటిపేరుతో వెదకుడు, అదియు దొరకనిచో పేరులోని ఒకే చిన్న ముక్కతో, హకారము ఉంచి ఒకమాఱు, తీసి ఒకమాఱు వెదకుడు.

వేసవి సెలవులలో ఒక్కొక్క తెలుగు ఉపాధ్యాయుడు పదిమంది విద్యార్థులను కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్కనిచేత ఇరువది పుస్తకముల ముఖపత్రములు చూపించి వ్రాయించినచో ఒక్క బడినుండి రెండువందల పేర్లు వచ్చును. పిల్లవానికి శకటరేఫమనగా నేమో, పాత పుస్తకమున ముద్రాక్షరశాల పేరు ఎచట నుండునో, విరోధికృత్ సంవత్సరమున అచ్చైనదని యుండినచో అది ఏ క్రీస్తుశకమో లెక్కకట్టుట యెట్లో ఆ పనిలోనే తెలిసిపోవును. వచ్చిన పేర్లను సరిచూచి అంగీకరించు బాధ్యతను విశ్వవిద్యాలయ తెలుగు శాఖయు గ్రంథాలయమును కలిసి వహింపవలయును. సెలవులకు రెండు నెలలు ముందుగా ఆ పిలుపు బడులకు అందినచో చాలును. మొదటి విడతకు 'చరిత్ర' అను మాట గల పుస్తకములనే తీసికొనవచ్చును. ఎనిమిది రూపములుగా చెదరిపోయినవి అవియే గదా.